కవర్లో తెచ్చిన పావుకిలో

మొన్న శనివారం పొద్దున మెషిన్లమ్మే ఒక కంపెనీవాళ్ల ఆన్‌లైన్ సెషన్ విన్నాను, కొత్త యూహెచ్‌పీఎల్‌సీ గురించి. శాంపిల్‌లో కలిసున్నవాటిని విడదీసి కొలిచే మెషిన్ అది. తెరమీద వేరుశనగ శాంపిల్ క్రొమటోగ్రామ్, అంటే ఏది ఎంత ఉందో చూపే గీతల బొమ్మ, పెట్టారు. అఫ్లటాక్సిన్ అనే బూజు విషంలోని రకాలు జీ2, జీ1, బీ2, బీ1, శిఖరాల్లాంటి ఆ నాలుగు పీకులూ ఒకదాన్నొకటి తాకకుండా, సన్నగా నిటారుగా, మూడు నిమిషాలు దాటకముందే వచ్చేశాయి. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఆ నాలుగింటికోసం పావుగంట కూర్చునేవాణ్ణి. ఆ బొమ్మ చూస్తే కడుపు నిండినట్టయింది.

అదే రోజు సాయంత్రం మా చిన్నాయన ఊరినుంచి అనంతపురం వచ్చాడు. మాది కళ్యాణదుర్గం దగ్గర. చేతిలో బట్టల షాపు కవరు, అందులో పావుకిలో శెనగవిత్తనాలు, అంటే వేరుశనగ పప్పులే. కాయలు వలిచే మిషన్‌కు వేయించి, విత్తనాలు మూటలు కట్టి ఇంట్లో పెట్టుకున్నాడు. కొనేవాడు వచ్చి చూసి, బూజు విషం లేదని ల్యాబు రిపోర్టు తెస్తే రేటు మాట్లాడదాం అన్నాడంట.

"ఏమప్పా, నీ మిషన్లో పెట్టి దీంట్లో విసముందా లేదా ఒక మాట చెప్పు. నలభై మూటలుండాయి ఇంట్లో."

"ఈ పావుకిలో యాడనుంచి తీసినావు చిన్నాయనా?"

"పైన మూటలోదే. ముక్కినవి, ముడుచుకున్నవి తీసేసి మంచివే ఏరి తెచ్చినాలే, నీకు ఇబ్బంది లేకుండా."

ఆయన ఎంత మంచి మనసుతో ఆ మాట అన్నాడో నాకు తెలుసు. చుట్టాలింటికి తెచ్చేటప్పుడు ఎవరైనా మంచివే ఏరి తెస్తారు. కానీ రాత్రంతా నా బుర్రలో ఆ రెండూ పక్కపక్కనే తిరిగాయి, పొద్దున చూసిన నాలుగు పీకులు, సాయంత్రం చూసిన ఆ కవరు. నాకు అప్పటికప్పుడు గట్టిగా అనిపించిన సంగతి ఇది. వేరుశనగ విషయంలో మన జిల్లాకు ఇప్పుడు లోటు మెషిన్ కాదు. మెషిన్ దాకా ఏది వస్తోందన్నది. మెషిన్లో శాంపిల్‌ను విడదీసే గొట్టం, కాలమ్, దాని లోపల జరిగే పనిని ముప్పై నలభై ఏళ్లుగా బాగుచేసుకుంటూ వచ్చాం, మూటకూ కాలమ్‌కూ మధ్య జరిగే పనిని మాత్రం వదిలేశాం. డబ్బు, మనుషులు, చదువు ముందు అక్కడ పెట్టాలి.

కాలమ్ లోపల

కొత్త మెషిన్లంటే పడనివాడు రాసిన రాత అనుకోకండి. తొమ్మిదేళ్లు హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, యూహెచ్‌పీఎల్‌సీకి ముందుతరం మెషిన్లైన హెచ్‌పీఎల్‌సీల మధ్యే బతికాను. ఇప్పుడు ఇక్కడ పిల్లలకు పాఠాలు చెబుతున్నా, సాయంత్రాలు ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నా, చెయ్యి ఇంకా ఆ మెషిన్ మీదే ఉంది.

1906లో రష్యా శాస్త్రవేత్త త్స్వెట్ సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల రంగులు విడివిడిగా కిందికి దిగడం గురించి రాసినప్పటినుంచి కాలమ్ సూత్రం మారలేదు, లోపల నింపే పొడి మారింది. 1970ల్లో పది మైక్రాన్ల రేణువులు, తర్వాత ఐదు, తర్వాత మూడు, 2004 నాటికి 1.7. రేణువు సగమైతే అదే వేగంతో ద్రవాన్ని తోయడానికి నాలుగింతల ఒత్తిడి కావాలి. అందుకే 400 బార్ దగ్గర ఆగిన పంపులు 1000 బార్ దాకా పోయాయి. అంటే సముద్రంలో పది కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడిని బల్లమీద పెట్టుకుని, సన్నటి స్టీలు గొట్టంలో, రోజంతా ఒక్క చుక్క కారకుండా నడుపుతున్నాం. ఇది చిన్న పని కాదు.

సాల్వెంట్, అంటే కాలమ్ గుండా తోసే ద్రవం, దాని లెక్క చూసినా అంతే. 250 మిల్లీమీటర్ల పాత కాలమ్‌లో నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున ఇరవై నిమిషాల రన్ అంటే ఒక్క ఇంజెక్షన్‌కు, శాంపిల్ ఒక్కసారి మెషిన్లోకి ఎక్కించడానికి, ఇరవై మిల్లీలీటర్లు. సన్న కాలమ్‌లో నిమిషానికి 0.4 చొప్పున మూడు నిమిషాలంటే 1.2 మిల్లీలీటర్లు. 2008 చివర్లో మేం వాడే సాల్వెంట్ ఎసిటోనైట్రైల్‌కు కరువు వచ్చినప్పుడు క్యూసీలో ఉన్నవాళ్లకు ఈ తేడా విలువ చెప్పనక్కర్లేదు. అది విడిగా తయారుచేసే సరుకు కాదు, ప్లాస్టిక్కులకూ దారాలకూ వాడే ఎక్రిలోనైట్రైల్ చేసేటప్పుడు పక్కన వచ్చేది. ఆర్థిక మాంద్యంతో ఆ ఫ్యాక్టరీలు తగ్గించి నడిపాయి, బీజింగ్ ఒలింపిక్స్ కోసం చైనాలో కొన్ని ఆగాయి, టెక్సాస్ వైపు తుఫాను వచ్చింది. ఇక్కడ మా స్టోర్స్‌లో బాటిళ్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. సంతకం పెట్టి ఒక్కో లీటరు తీసుకునేవాళ్లం.

ఈ అన్నిటిలో నాకు అన్నిటికంటే నచ్చింది కోర్‌షెల్ కాలమ్. రేగుపండు చూడండి, లోపల గట్టి గింజ, పైన పలచటి గుజ్జు. ఈ రేణువు కూడా అంతే. లోపల 1.7 మైక్రాన్ల గట్టి సిలికా గుండు, చుట్టూ అర మైక్రాన్ మందాన రంధ్రాలున్న పొర, మొత్తం కలిపి 2.7. అణువులు లోతుకు పోయి ఇరుక్కోకుండా పైపొరలోనే తిరిగి వచ్చేస్తాయి కాబట్టి పీకు సన్నగా వస్తుంది, ఒత్తిడేమో అంతగా పెరగదు. దానివల్ల పాత 400 బార్ మెషిన్ మీదే దాదాపు కొత్త మెషిన్ పనితనం వస్తుంది. కొత్త మెషిన్ కొనలేని మాలాంటి ఊళ్ల ల్యాబులకు నిజంగా చేరిన మార్పు అది.

అఫ్లటాక్సిన్ల సంగతికొస్తే ఇంకోటి కూడా చెప్పాలి. డిటెక్టర్ వీటిని వెలుగును బట్టే కొలుస్తుంది. నీళ్లు కలిసిన మొబైల్ ఫేజ్‌లో, అంటే శాంపిల్‌ను మోసుకుపోయే ద్రవంలో, బీ1, జీ1 రెండూ సరిగ్గా వెలగవు, అసలు ముఖ్యమైన బీ1 మసకగా కనిపిస్తుంది. ఒకప్పుడు అయొడిన్ ద్రావణాన్ని ఇంకో పంపుతో కలిపి వేడిచేసేవాళ్లు, గొట్టాలు మూసుకుపోయేవి, అదో తలనొప్పి. ఇప్పుడు డిటెక్టర్ ముందు ఒక యూవీ దీపం, దాని చుట్టూ చుట్టిన సన్నగొట్టం, అంతే. ఆ వెలుగులోంచి దాటేసరికి బీ1 వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొదటిసారి ఆ దీపం వేసి చూసిన రోజు, బేస్‌లైన్‌లో ముడతలా ఉన్నది కొండలా లేచింది. మా పిల్లలకు చూపించడానికి ఆ రెండు ప్రింట్లూ ఇప్పటికీ దాచిపెట్టాను.

ఒక్క గింజ లెక్క

ఇప్పుడు కాలమ్ బయటికి వద్దాం.

బూజు మూటంతా సమంగా పట్టదు. ఊడలు దిగి కాయ ఊరే టైములో వాన మొహం చాటేస్తే, ఎండిన నేలలో ఏదో ఒక చెట్టు కింద ఏదో ఒక కాయ పగులుతుంది, లేదా పురుగు కొరుకుతుంది, బూజు అందులోకి దూరుతుంది. పక్క కాయ శుభ్రంగా ఉంటుంది. 1960ల్లోనే పరిశోధకులు విత్తనాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించి, ఒక్క పప్పులో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన కూడా విషం ఉండగలదని చూశారు. కిలోకు ఒక మైక్రోగ్రామునే మనం పీపీబీ అంటాం. పది లక్షల పీపీబీ అన్నమాట.

పప్పు అర గ్రాము అనుకుందాం. అలాంటి ఒక్క పప్పులో 500 మైక్రోగ్రాముల విషం. నేరుగా తినే వేరుశనగకు యూరప్ వాళ్ల హద్దు నాలుగు అఫ్లటాక్సిన్లూ కలిపి 4 పీపీబీ. 500ను 4తో భాగించండి, 125 వస్తుంది. ఒక్క గింజ 125 కిలోల సరుకును ఆ హద్దు దాకా తీసుకుపోగలదు.

ఇంకో వైపునుంచి చూద్దాం. ప్రతి ఇరవై కిలోలకూ అలాంటి పప్పు ఒకటి ఉందనుకోండి. సరుకు సగటు 25 పీపీబీ, ఏ హద్దు ప్రకారం చూసినా చెడ్డ సరుకే. దాంట్లోంచి పావుకిలో తీస్తే ఆ పప్పు మన చేతికొచ్చే అవకాశం ఎనభైలో ఒక్కటి. అంటే ఎనభై కవర్లు తెస్తే సుమారు డెబ్భై తొమ్మిదింటికి "ఏమీ లేదు" అని రిపోర్టిస్తాం. ఆ ఒక్క కవరుకేమో 2000 పీపీబీ అని రాస్తాం. ఎనభై రిపోర్టుల్లో ఒక్కదాంట్లోనూ 25 అనే అసలు అంకె కనిపించదు. మెషిన్ తప్పు ఎక్కడా లేదు. ప్రతిసారీ తన ముందు పెట్టినదాన్ని అణువంత తేడా లేకుండా కొలిచింది.

అసలు సరుకు ఇంత మొండిగా ఒక్క గింజలోనే పెట్టుకోకపోవచ్చు, పదిగింజల్లో కొంచెం కొంచెం ఉండొచ్చు, కాబట్టి నా లెక్క కాస్త అతి అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ దారి అదే. అమెరికా వ్యవసాయ శాఖలో థామస్ విటేకర్ అనే ఇంజనీరు 1970ల నుంచి దశాబ్దాలపాటు ఇదే పనిమీద కూర్చుని, అఫ్లటాక్సిన్ ఫలితంలో వచ్చే తేడాలో పెద్ద భాగం శాంపిల్ తీసేటప్పుడే వస్తుందని, మెషిన్ దగ్గర వచ్చేది చాలా చిన్నదని లెక్కకట్టి చూపించాడు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ వాళ్లు వేరుశనగకు ఇరవై కిలోల శాంపిల్ అడగడం ఊరికే కాదు.

పోయిన ఏడాది మా ల్యాబులోనే జరిగింది. ఒక వ్యాపారి ఒకే సరుకునుంచి ఒక వారంలో మూడు కవర్లు పంపాడు. రెండింట్లో ఏమీ లేదు, మూడోదాంట్లో 38 పీపీబీ. ఆయన ఫోన్ చేసి "సార్, మీ మెషిన్ చెడిపోయినట్టుంది" అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చింది. స్టాండర్డ్ మళ్లీ కొత్తగా చేశాం, గార్డ్ కాలమ్ మార్చాం, దీపం మార్చాం, రెండు రోజులు టెన్షన్‌తో నిద్రలేదు. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ చేస్తే తేడా ఒక్క శాతం కూడా లేదు. మూడు కవర్లూ ఎవరు, ఏ మూటలోంచి తీశారని అడగాలన్న ఆలోచన మూడోరోజుగానీ మాలో ఎవరికీ రాలేదు. అందరం చదువుకున్నవాళ్లమే.

మందు బిళ్ల నేర్పిన అలవాటు

ఎందుకు రాలేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నాకు దొరికిన జవాబు ఇది. మాలో ఎక్కువమంది ఈ విద్య మందుల కంపెనీల్లో నేర్చుకున్నాం. అక్కడ పొడిని బ్లెండర్‌లో వేసి, సమంగా కలిసిందో లేదో చూసి, ఆ తర్వాతే బిళ్ల కొడతారు. లక్షల బిళ్లల బ్యాచ్‌లోంచి పది తీస్తే ఆ పదీ మిగతావాటి తరఫున మాట్లాడగలవు, ఎందుకంటే అవి అలా ఉండేలా ముందే కష్టపడ్డారు. అందుకే అక్కడ వయల్‌లో, మెషిన్లో పెట్టే చిన్న సీసాలో, ఉన్నదే బ్యాచ్ అంతా అనుకోవడం తప్పు కాదు. అదే నమ్మకంతో శెనగవిత్తనం దగ్గరికొచ్చాం. చేనును బ్లెండర్‌లో వేసి ఎవరు తిప్పారు?

హైదరాబాద్‌లో నాతో పనిచేసిన స్నేహితుడికి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆయన ఇప్పుడు ఎల్‌సీఎంఎస్ మీద, అంటే అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టే మాస్ డిటెక్టర్ తగిలించిన మెషిన్ మీద, ఉన్నాడు, ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "2018లో వల్సార్టాన్ సంగతి మర్చిపోయావా? బీపీ మాత్రలో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్డీఎంఏ ఉందని బయటపడి దేశదేశాల్లో వెనక్కి తెప్పించారు. మామూలు ప్యూరిటీ టెస్టులన్నీ అప్పటిదాకా పాసే కదా. ఆ తర్వాత ఆ కొంచెం పట్టుకోవడానికి మంచి మాస్ డిటెక్టర్లే కదా దిక్కయింది? మెషిన్ సూక్ష్మంగా లేకపోతే శాంపిల్ ఎంత బాగా తీసి ఏం లాభం?" అన్నాడు.

ఆయన మాటలో నిజముంది, దాన్ని తీసిపారేయలేను. ఒక్క ఇంజెక్షన్‌లో పదుల కొద్దీ బూజు విషాలు, పురుగుమందులు చూసే ఎల్‌సీఎంఎస్‌ఎంఎస్ వచ్చాక, మనం వెతకని వాటి గురించి కూడా తెలిసే దారి ఏర్పడింది. అఫ్లటాక్సిన్ ఒక్కదాని కోసమే చూస్తూ ఇంకో విషాన్ని వదిలేసే ప్రమాదం తగ్గింది. కానీ ఆయన ఉదాహరణ కూడా బిళ్లే. వల్సార్టాన్‌లో ఆ విషం తయారీ పద్ధతిలోంచే వచ్చింది, బ్యాచ్ అంతా ఉంది. ఎక్కడినుంచి తీసినా దొరుకుతుంది. ఒక్క గింజలో దాక్కుని, ఇరవై కిలోల్లోని మిగతా ముప్పై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది గింజల్లో లేనిదాని దగ్గర ఆ పాఠం చెల్లదు. ఒక్క పప్పులో అంత విషం ఉంటుందని కనిపెట్టినవాళ్ల దగ్గర హెచ్‌పీఎల్‌సీ లేదు కూడా, పల్చటి పూత పూసిన టీఎల్‌సీ పలకల్ని యూవీ దీపం కింద పెట్టి, నీలంగా ఎంత వెలుగుతోందో కంటితో పోల్చి చూసినవాళ్లు.

పాల దగ్గర మాత్రం నేను ఆయన వైపే. గానుగాడిన చెక్కలోకి విషం పోతుంది, చెక్క బర్రెకు పోతుంది, బర్రె పాలలోకి అఫ్లటాక్సిన్ ఎం1 రూపంలో వస్తుంది. పాలు తమంతట తామే కలిసిపోయే సరుకు. ట్యాంకర్‌లో కలియబెట్టి తీసిన అర లీటరు ఆ ట్యాంకర్ మొత్తానికి సాక్ష్యం చెప్పగలదు. పాలకు మన దేశపు హద్దు 0.5 పీపీబీ, యూరప్‌ది 0.05. ఆ పదో వంతు దగ్గర నమ్మకంగా కొలవాలంటే మంచి మెషిన్ కావాల్సిందే, అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ ఫలితమిస్తుంది. ఇంత పాడి ఉన్న జిల్లాలో, చిన్నపిల్లలు తాగే పాలు కాబట్టి, కొత్త మెషిన్ వస్తే ముందు ఆ పనికే కట్టేయాలని నా కోరిక.

ఇరవై కిలోలు ఎవరివి

వ్యాపారుల ప్రశ్న ఒకటి ఉంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇరవై కిలోల విత్తనాలు నీళ్లతో రుబ్బేస్తే అవి మళ్లీ తినడానికి పనికిరావు. అయిదెకరాల వాన పంటమీద బతికే మనిషి ఇరవై కిలోలు పరీక్షకని ఎలా ఇస్తాడు? పోయిన నాలుగు సీజన్లలో రెండింట పెట్టుబడి కూడా రాని ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. అందుకే ప్రతి రైతునూ ఇరవై కిలోలు తెమ్మనడం న్యాయం కాదు. పదిమంది సరుకు ఒకచోట చేరే దగ్గర, గోడౌన్లోనో యార్డులోనో, మొత్తానికి ఒక్కసారి తీయాలి, ఆ నష్టం కొనేవాడి ఖాతాలో పడాలి, రిపోర్టు అడిగేది ఆయనే కాబట్టి. రైతు స్థాయిలో పది నిమిషాల్లో గీత చూపి తేల్చే పరీక్ష స్ట్రిప్పులు చాలు. దానిమీద గీత పలచగా ఉండి మెషిన్ అంత కచ్చితంగా చెప్పకపోయినా, బాగా తీసిన శాంపిల్‌మీద పలచటి గీతే మేలు.

ల్యాబుల వైపునుంచి నేను అడిగేవి చిన్నవే. మా రిపోర్టుల అడుగున చిన్న అక్షరాల్లో "ఈ ఫలితం మాకు అందిన శాంపిల్‌కు మాత్రమే వర్తిస్తుంది" అన్న అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. దాన్ని తెలుగులో, పైన, అంకెకు ముందు రాయాలి. శాంపిల్ ఎవరు తీశారు, ఎన్ని మూటల్లోంచి, ఎంత బరువు, ఇవి కూడా అంకె పక్కనే ఉండాలి. ఇంకా, ల్యాబుకొక మంచి గ్రైండర్. విత్తనాల్ని పొడిగా మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్దలు కడుతుంది, ఒక ముద్దలో ఉన్నది ఇంకో ముద్దలో ఉండదు. నీళ్లు పోసి జారుగా రుబ్బితే ఆ ఒక్క గింజ విషం కూడా అంతటా పరుచుకుంటుంది. టిఫిన్ హోటళ్లలో దోసెపిండికి వాడేలాంటి వంపు గ్రైండర్ ఒకటి ఈ పనికే అని కొన్నాం, ఇంకేదీ అందులో వేయం. ఒక మంచి యూహెచ్‌పీఎల్‌సీ కాలమ్ ధరకన్నా తక్కువకే వచ్చింది. మా దగ్గర చదివే పిల్లలు కాలమ్ పనితనం లెక్కగట్టే వాన్ డీమ్టర్ సమీకరణం గుక్కతిప్పుకోకుండా చెబుతారు, మూటలోంచి శాంపిల్ తీయడం మాత్రం ఏ ప్రాక్టికల్లోనూ లేదు. ఈ ఏడాదినుంచి నేను చేయిస్తున్నాను, సిలబస్‌లో లేకపోయినా.

ఆదివారం నేను ఊరికి వెళ్లాను. చిన్నాయన తెచ్చిన పావుకిలోను శనివారం రాత్రే పక్కన పెట్టి, ఆయన మాట తీసేయలేక విడిగా ఇంజెక్ట్ కూడా చేశాను. బేస్‌లైన్ పలకలా ఉంది, ఏమీ లేదు. ఊళ్లో మాత్రం నలభై మూటల్నీ దించాం. మూటలో గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టంతో ఒక్కోదాంట్లో పైన, నడుమ, అడుగున, మూడుచోట్ల గుచ్చి అర కిలో చొప్పున తీశాం. నలభై మూటలకు ఇరవై కిలోలు. పిన్నమ్మ "ఇంత రుబ్బేస్తారా" అని రెండుసార్లు అడిగింది, రెండోసారి నేను తలెత్తి చూడలేకపోయాను. దానికి డబ్బు నేనిచ్చాను, తీసుకోనంటే బలవంతంగా చేతిలో పెట్టాను.

మంగళవారం ఫలితం 11 పీపీబీ వచ్చింది. కోడెక్స్ హద్దు 15 లోపలే, నేరుగా తినే సరుకుకు యూరప్ పెట్టిన హద్దుకు పైన. ఫోన్‌లో చెబితే చిన్నాయన కాసేపు పలకలేదు.

"నలభైట్లోనూ ఉందా అప్పా?"

"అది దీంతో తెలీదు చిన్నాయనా, అన్నీ కలిపి రుబ్బినాం కదా. తడిసినవి ఏమన్నా ఉండాయా?"

"ఉండాయి. వంక పక్క మడిలో వామి వేసినప్పుడు రాత్రి వాన పడె. పైపైన ఎండబెట్టినాం. మిషన్‌కు వేసేముందు పప్పు విరక్కుండా నీళ్లు కూడా సల్లినారు వాటిమీద. ఆ ఆరు మూటలూ గోడవారగా పెట్టినా, నల్లదారంతో కుట్టినవి."

"మొన్న చెప్పలేదే?"

"నువ్వు అడగలా కదా నాయనా."

ఆ ఆరింటినీ వేరుగా, మిగతా ముప్పై నాలుగింటినీ వేరుగా మళ్లీ తీశాం, ఈసారి ఆయనే గొట్టం పట్టుకున్నాడు. రెండు బకెట్లూ ల్యాబులో ఉన్నాయి. రేపు పొద్దున రుబ్బి, మధ్యాహ్నానికి ఇంజెక్ట్ చేస్తాను.